సున్నాలో చుక్క

ఇంటి నుంచి
జూన్ 16

చిన్నీకి,

నీ ఉత్తరం అందింది. హాస్టల్ తెరిచిన వారానికే జలుబు పట్టిందని రాశావు. నూట ఇరవై మంది ఆడపిల్లలు వరసగా తుమ్ముతుంటే వార్డెన్ ఒక్కతే ఎలా తప్పించుకుంటుంది. ఆవిరి పట్టు. తర్వాత పడతాలే అని ఊరుకోకు.

ఆ మాట గురించే ఈ ఉత్తరం. మా పిచ్చుక తొమ్మిదో తరగతికి వచ్చింది. తెలివికి లోటు లేదు, ఒళ్ళు వంచడానికే లోటు. సోమవారం పొద్దుట నుంచి అది పడుకునే దాకా ఒక కాగితం మీద గీతలు పెట్టాను. "తర్వాత" పదకొండు సార్లు, "వస్తున్నా" ఏడు సార్లు, "అయిపోయినట్టే" నాలుగు సార్లు. "అయిపోయింది" అన్న మాట రోజంతా ఒక్కసారి కూడా వినపడలేదు. ఆరిన బట్టలు మడవలేదు, బూట్లకి పాలిష్ లేదు, నీళ్ళ సీసాలు నిండలేదు, సైన్స్ రికార్డు అట్ట మీద పేరైనా రాయలేదు. సాయంత్రం గిన్నెలు దాని వంతు. అవి సింకులో నానుతూ ఉంటాయి, ఇది మంచం మీద నానుతూ ఉంటుంది. మీ బావతో చెబితే, "మా డిపోలో డ్రైవర్లకంటే నయమే" అని పేపరు తిరగేశారు.

అందుకని నాన్న పద్ధతి మొదలుపెట్టాను. పొడుగు పుస్తకం కొని నాలుగు గడులు గీశాను. పని, ఎవరిది, ఎప్పటి నుంచి, అయిందా. ఈ ఇంట్లో "తర్వాత" అనడం తప్పు కాదు, కానీ అన్నవాళ్ళు ఆ పనిని అప్పటికప్పుడే పుస్తకంలో రాయాలి. మనింట్లో లాగే, ఇద్దరు పనులు మార్చుకుంటే అదీ రాయాలి, మూడో మనిషి పక్కన సాక్షిగా గుర్తు పెట్టాలి, అప్పుడే ఆ మార్పిడి చెల్లుతుంది. పిచ్చుక అంతా విని, "మరి పుస్తకంలో రాయడం కూడా తర్వాత రాస్తానంటే?" అంది. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడే నడిపి సంగతి చెప్పాను. గోడ మీద ఫోటో చూడటమే తప్ప దానికి ఏమీ తెలియదు కదా. మెట్ల మీద బల్బు మార్చడం మీ నడిపి పిన్ని వంతు, నాలుగు రోజులు తర్వాత తర్వాత అంది, ఐదో రోజు సాయంత్రం చీకట్లో ఆ మెట్ల మీంచే పడింది, పదమూడేళ్ళకే పోయింది అని. నాన్న ఎలా చెప్పేవారో అలాగే చెప్పాను. పిల్ల మొహం చిన్నబోయింది. కానీ లేచి వెళ్ళి గిన్నెలు తోమింది.

నీ అక్క


హాస్టల్, వార్డెన్ గది
జూన్ 25

పెద్దక్కకి,

జలుబు తగ్గింది. ఆవిరి వెంటనే పట్టాను, కావాలంటే నీ పుస్తకంలో గుర్తు పెట్టుకో.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చదువుకునే గంటలో మా పిల్లల మధ్య తిరిగాను. నీ పిచ్చుక ఇక్కడికి వస్తే పాఠాలు నేర్చుకోవాలి. ఒకమ్మాయి లెక్కల పుస్తకం ఇస్త్రీకి ఇచ్చిన బట్టల్లో కలిసి వెళ్ళిపోయిందట. ఇంకో అమ్మాయికి పోయిన ఏడాది ఇద్దరు అమ్మమ్మలు పోయారు, ఇద్దరూ పరీక్షకి ముందు రోజే. మూడో ఆవిడ ఒంట్లో ఎలా ఉందో కనుక్కుంటూ ఉండమని టీచర్ నాకు చెప్పింది. దుప్పటి మడవమంటే ఏడో తరగతి పిల్ల ఒకతె, "ఎలాగూ మళ్ళీ పరుచుకోవాలి కదా మేడమ్" అంది. ఆ దుప్పటి నేనే మడిచాను.

పిల్లలు వాయిదా వేస్తారు అక్కా. పెద్దవాళ్ళం వేయడం లేదా. మన వాయిదాలు కొంచెం ఖరీదైనవి, అంతే తేడా.

ఒక్క సంగతి. పుస్తకం పెట్టు, గడులు గీయి, కానీ నడిపక్కని అందులోకి లాగకుండా ఉండాల్సింది. నాన్న ఎలా చెప్పేవారో అలాగే చెప్పానన్నావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.

ఇక్కడ మెట్ల బల్బు పోతే నేనే మారుస్తాను. వాచ్‌మన్‌కి చెప్పను. ఎందుకో నీకు ఎప్పుడూ రాయలేదు.

చిన్ని


ఇంటి నుంచి
జూలై 20

చిన్నీకి,

ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు, పిల్ల పక్కనే తిరుగుతూ ఉంటుంది. చదివి జాగ్రత్తగా దాచు.

పుస్తకంలో "అయిందా" గడిలో గుర్తులు కనపడటం మొదలైంది. పిచ్చుకని టిక్కు పెట్టమన్నాను. ఇవి టిక్కులు కావు. సున్నా, మధ్యలో చుక్క.

నువ్వు మర్చిపోయి ఉండవు. నాది టిక్కు, నీది తోక లేని గాలిపటం, నడిపిది ఇది. చుక్క ఎందుకే అని నాన్న అడిగితే, "ఉత్త సున్నా పెడితే ఏమీ చేయలేదనుకుంటారు" అంది. నాన్న ఆ రోజంతా నవ్వుకున్నారు.

గుర్తులే కాదు, పనులూ అయ్యాయి. నేను చొక్కాని నాలుగు మడతలు వేస్తాను. ఇవి రెండు చేతులూ ముందుకు తెచ్చి, మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డట్టు మడిచి ఉన్నాయి. అలా ఎవరు మడిచేవారో నీకు చెప్పక్కర్లేదు. బూట్లు మెరుస్తున్నాయి, లేసులు రెండూ కలిపి ముడివేసి ఉన్నాయి. అదీ దాని అలవాటే, ఒక బూటు తప్పిపోకుండా.

పిచ్చుకని నిలదీశాను. "నేను కాదు" అంది. మరెవరు అంటే నా మొహంలోకి ఒకసారి చూసి తల దించుకుంది. అబద్ధం ఆడేటప్పుడు అది తల దించదు, గలగలా మాట్లాడుతుంది.

సరే, పద్ధతిగా తేల్చుకుందామనుకున్నాను. పేజీల మధ్య ఒక వెంట్రుక పెట్టాను. మర్నాడు వెంట్రుక లేదు, కొత్త గుర్తు ఉంది. అప్పుడు పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మెడలో గొలుసుకే ఉంటుంది, స్నానానికి కూడా తీయను. మధ్యాహ్నం కునుకు తీసి లేచి బీరువా తెరిస్తే "నీళ్ళ సీసాలు" ఎదురుగా సున్నా, చుక్క. వేలితో రుద్దితే సిరా అంటుకుంది. వంటింట్లో సీసాలు నాలుగూ నిండి, తుడిచి, వరసగా ఉన్నాయి.

భయపడుతున్నానని అనుకోకు. అనుకో. భయంగానే ఉంది. పిల్లకి అలా చెప్పినందుకు దానికి కోపం వచ్చిందేమో.

నీ అక్క


హాస్టల్, వార్డెన్ గది
ఆగస్టు 2

పెద్దక్కకి,

దయ్యాలు బూట్లు పాలిష్ చేస్తాయని తెలిస్తే మా హాస్టల్లో గదికొకటి పెంచుకుంటారు. ఇలా రాసి నవ్వుదామని చూశాను. నవ్వు రాలేదు.

రెండు అడుగుతాను, కోప్పడకు.

మధ్యాహ్నం నువ్వు ఎన్నింటికి పడుకుంటున్నావు, లేచేసరికి టైమెంత అవుతోంది? గడియారం చూసి రాయి. అన్నింటికీ లెక్క రాసేదానివి, దీనికి రాయలేదు.

రెండోది. నడిపక్కకి కోపం వచ్చిందేమో అన్నావు. నువ్వు పిచ్చుకకి చెప్పింది నిజమే అయితే కోపం దేనికి అక్కా?

చిన్ని


ఇంటి నుంచి
ఆగస్టు 19

చిన్నీకి,

నీ మొదటి ప్రశ్నకి జవాబు. రెండింటికి పడుకుంటాను. ఇదివరకు రెండున్నరకి లేచేదాన్ని. ఇప్పుడు మూడుంపావు, ఒక్కోరోజు మూడున్నర అవుతోంది. లేచినా నిద్రపోయినట్టు ఉండదు, కాళ్ళు పీకుతుంటాయి. వేళ్ళు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉంటున్నాయి. వయసు. నలభై ఆరు దాటాయి కదా.

రెండో ప్రశ్నకి తర్వాత రాస్తాను.

ఇప్పుడు ఆదివారం సంగతి. పిచ్చుకకి బడిలో నదుల పటం ఇచ్చారు, రంగులు వేసి సోమవారం తీసుకురావాలి. పది రోజుల క్రితం ఇచ్చారట. పటం బల్ల మీద పరిచి, పెన్సిళ్ళ డబ్బా పక్కన పెట్టి, "తర్వాత వేస్తా" అని స్నేహితురాలింటికి వెళ్ళింది. ఆ "తర్వాత"ని నేనే పుస్తకంలో రాసి పడుకున్నాను.

లేచి చూస్తే పటం మీద రంగులున్నాయి. కొండలకి గోధుమ రంగు, మైదానాలకి ఆకుపచ్చ, ఎక్కడా గీత దాటకుండా. చిన్న నదులన్నీ నీలం. పెద్ద నది మాత్రం కొండ దగ్గర మొదలై సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆగిన చోట పెన్సిల్ కొంచెం జారినట్టు తోక ఉంది.

చిన్నీ, ఆ పటాన్ని నేను ఇదివరకు చూశాను. అదే నది. అదే చోట ఆగింది.

పిచ్చుక తిరిగొచ్చేసరికి నేను బల్ల దగ్గరే నిలబడి ఉన్నాను. నువ్వే వేశావు, నన్ను భయపెట్టడానికే ఇదంతా చేస్తున్నావు, ఈ పటం సంగతి నీకెవరు చెప్పారు అని అరిచాను. నేను వేయలేదమ్మా అంది. చెంప మీద కొట్టాను. పద్నాలుగేళ్ళలో దాని మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. అది ఏడవలేదు. మెల్లగా, "నీ వేలు చూసుకో అమ్మా" అంది.

వేలికి నీలం ఉంది. పటాన్ని తడిమినప్పుడు అంటి ఉంటుంది.

ఆ రోజు నుంచి పిల్ల నాతో మాట్లాడటం లేదు. పనులన్నీ చెప్పకముందే చేసేస్తోంది, నాకు ఏ పనీ మిగలకూడదన్నట్టు. ఇల్లంతా అద్దంలా ఉంది. నాకు ఇంట్లో ఉండాలంటే వణుకుగా ఉంది.

నీ అక్క


హాస్టల్, వార్డెన్ గది
ఆగస్టు 27

అక్కా,

ఇది కూర్చుని చదువు. పక్కన బావ ఉంటే మంచిది.

పిచ్చుక నాకు జూలైలోనే ఉత్తరం రాసింది. అమ్మకి చెప్పొద్దంది. చెప్పకుండా నిన్ను ప్రశ్నలు అడుగుతూ కూర్చున్నాను, నాదే తప్పు. దాని మాటలు దించి రాస్తున్నాను.

"పిన్నీ, ఒకరోజు బడి నుంచి తొందరగా వదిలేశారు. ఇంటికొస్తే అమ్మ నా బట్టలు మడుస్తోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. అమ్మా అంటే పలకలేదు. మూడుసార్లు పిలిచాను. తను చెప్పిన కథ గుర్తొచ్చి ఊరికే 'నడిపీ' అన్నాను. 'ఆఁ' అంది. తర్వాత బీరువా తెరిచి పుస్తకంలో సున్నా పెట్టి, మళ్ళీ తాళం వేసి, వెళ్ళి పడుకుంది. మొదట్లో నాకు హాయిగానే ఉండేది పిన్నీ, పనులు వాటంతటవే అవుతున్నాయి కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు భయంగా ఉంది. నాన్నతో చెప్పాలి. రేపు చెబుదాంలే అనుకుంటూ వస్తున్నాను."

తాళంచెవి ఎవరి మెడలో ఉందో నువ్వే రాశావు అక్కా.

నాకు ఆశ్చర్యం కలగలేదు, ఎందుకంటే ఇది నేను చూసిందే. నడిపక్క పోయాక ఏడాదంతా మధ్యాహ్నాలు నువ్వు లేచి తన వంతు పనులు చేసేదానివి. తన మడతలు, తన ముడులు, తన సున్నా. అమ్మ చూసి తలుపు దగ్గరికి వేసేది. నన్ను మాట్లాడొద్దనేది. నీ పెళ్ళి కుదిరేనాటికి ఆగిపోయింది, మేమూ మర్చిపోయినట్టు నటించాం. ఇప్పుడు మళ్ళీ ఎందుకు మొదలైందో నాకు తెలుసు. నీకూ తెలుసు.

ఆ రోజు నేను బల్ల కింద ఉన్నాను. బల్బు పోయిన రోజు. పుస్తకంలో నాన్న ఆ పని నడిపక్క పేరు మీద రాశారు. నువ్వు తనతో, "నా నదుల పటం నువ్వు వెయ్యవే, నీ బల్బు నేను పెడతాను" అన్నావు. తను వెంటనే ఒప్పుకుంది, తనకి రంగులంటే ఇష్టం. మార్పిడి రాద్దాం, చిన్నిని గుర్తు పెట్టమందాం అంది. నువ్వు "తర్వాత రాద్దాంలే" అన్నావు. నాలుగు రోజులూ పుస్తకంలో తన పేరే ఉండిపోయింది. నాన్న ఆ పేజీ చూసి, "తన పని తాను చేసుకుని ఉంటే" అన్నప్పుడు నువ్వు నా వైపు చూశావు, నేను నీ వైపు చూశాను. ఇద్దరం నోరు మెదపలేదు.

నేనెందుకు మెదపలేదో ఇప్పుడు చెబుతాను. ఐదో రోజు బల్బు కొనుక్కురమ్మని నన్ను పంపావు గుర్తుందా. తెచ్చావా అంటే, షాపు మూసేశారన్నాను. షాపు మూయలేదు. బల్బు నా బడి సంచిలో ఉంది. తెచ్చానంటే స్టూలు పట్టుకోమంటావు, నేను పిల్లికూనకి అట్టపెట్టెతో ఇల్లు కడుతున్నాను. తర్వాత ఇద్దాంలే అనుకున్నాను. నాకు తొమ్మిదేళ్ళు.

ఆ బల్బు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, మేజోడులో చుట్టి.

నడిపక్క ఏ పనీ వాయిదా వేయలేదు. మన ముగ్గురిలో వాయిదా వేయనిది తనొక్కతే. ఆ సంగతి ఇంకా తెలియాల్సిన మనిషి ఒక్కతే మిగిలింది, పిచ్చుక. నువ్వు చెప్పు. లేకపోతే నేను వచ్చి చెబుతాను.

చిన్ని


ఇంటి నుంచి
సెప్టెంబర్ 30

చిన్నీకి,

నీ ఉత్తరం అందిన రోజు మీ బావకి ఇచ్చి చదవమన్నాను. మర్నాడు డిపోకి సెలవు పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. నిద్రలో లేచి పనులు చేసేవాళ్ళు చాలామందే ఉంటారట. మాత్రలు రాసిచ్చాడు, మధ్యాహ్నం పడుకోవద్దన్నాడు. మనసులో ఏదైనా పెట్టుకున్నారా అని అడిగాడు. లేదన్నాను. బావ నా వైపు చూశారు. ఉంది అన్నాను.

పిచ్చుకకి చెప్పడానికి పదకొండు రోజులు పట్టింది. రోజూ పుస్తకంలో రాసుకున్నాను, "పిల్లతో మాట్లాడాలి, నాది, తర్వాత". పన్నెండో రోజు అది గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి తుడుస్తూ చెప్పాను. మొహాలు చూసుకోకుండా చెప్పడానికి సింకు మంచి చోటు.

మార్పిడి సంగతి, రాయకపోవడం సంగతి చెప్పాను. నీకు కూడా తెలియనిది ఒకటి చెప్పాను. ఆ సాయంత్రం కింద నుంచి నడిపిని నేనే పిలిచాను. పటం అయిందా అని. "అయిపోయినట్టే" అంది పైనుంచి. అయినంత వరకు చాలు, పట్టుకుని దిగిరా అన్నాను. మెట్లు చీకటిగా ఉన్నాయని నాకు గుర్తు రాలేదు, నేను వారపత్రికలో సీరియల్ చదువుతున్నాను. పటం దాని చేతిలోనే ఉంది. ఒక మూల నలిగింది, అంతే.

పిచ్చుక కుళాయి కట్టేసింది. "అంటే నడిపి పిన్ని తన పని మానలేదు" అంది. లేదు, మీ అమ్మ పని చేస్తోంది అన్నాను. చేతిలో గిన్నె బోర్లించి అడిగింది. "ఆ పటం ఏమైంది?"

"పదిహేను రోజుల తర్వాత బడికి వెళ్ళినప్పుడు ఇచ్చేశాను."

"సగం నదితోనా?"

"సగం నదితోనే. పదికి తొమ్మిది వచ్చాయి."

ఆ మాట ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరికీ చెప్పలేదు. పిల్ల తడి చేతులతోనే నా మోచెయ్యి పట్టుకుంది. ఓదార్చలేదు, తిట్టలేదు. కాసేపటికి, "నేను నా పటం బడిలో ఇవ్వలేదమ్మా. అది నాది కాదు కదా. టీచర్‌తో తిట్లు తిన్నాను" అంది. ఆ రాత్రి దాకా ఆగకుండా వెంటనే కొత్త పటం తీసి బల్ల దగ్గర కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను కానీ పెన్సిల్ ముట్టుకోలేదు. మైదానం అంతా గీతలు దాటింది, ఒక నదిని కొండ ఎక్కించింది. అయినా నదులన్నీ సముద్రం దాకా వెళ్ళాయి. పదికి ఆరు వచ్చాయి. దాన్ని గోడకి అంటించాను, నడిపి ఫోటో పక్కన.

నాన్న పుస్తకం నా బీరువా అడుగునే ఉంది, నువ్వు ఎప్పుడూ అడగలేదు. తీశాను. ఆ పేజీలో "మెట్ల బల్బు" ఎదురుగా నడిపి పేరు కొట్టేసి, "పెద్దది, మార్పిడి" అని రాసి నేటి తేదీ వేశాను. సాక్షి గుర్తు నీది. సెలవుల్లో వచ్చి నీ గాలిపటం గీయి. ఆ బల్బు కూడా తీసుకురా, పోస్టులో పంపకు, పగులుతుంది. "అయిందా" గడి ఖాళీగానే ఉంచాను. అది ఎవరూ నింపేది కాదు.

బీరువా తాళంచెవి పిచ్చుక మెడలో వేశాను. మూడు వారాలైంది, ఏ గుర్తూ రాలేదు. వేళ్ళు ముడతలు పడటం లేదు. బట్టలు నాలుగు మడతలే ఉంటున్నాయి. బాగయ్యాను, అందరూ అదే అంటున్నారు.

పిచ్చుక కూడా పూర్వంలా అయింది. ఇవాళ బడి లేదు, మధ్యాహ్నం గిన్నెలు కూడా దాని వంతే. "తర్వాత తోముతా" అని స్నేహితురాలింటికి పోయింది. పుస్తకంలో రాసే పోయిందిలే. నేను పడుకోలేదు, వంటింట్లో కుర్చీ వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండైంది, మూడైంది, ఇప్పుడు నాలుగు కావస్తోంది. గిన్నెలు సింకులో అలాగే ఉన్నాయి. నేను లేవలేదు. నడిపి రాలేదు.

నీ అక్క